మళ్లీ కొయ్యడమొక్కటేనా వైద్యం?

మా వదినకు 42 ఏళ్లు. దివిసీమలో నాట్లకూ కోతలకూ వెళ్లి బతికే మనిషి. 23వ ఏట కు.ని. ఆపరేషన్ అయింది. 34వ ఏట తెల్లబట్ట అవుతోందని వెళితే గర్భసంచి తీసేశారు. ‘ఉంచుకుంటే కాన్సరవుతుంది’ అన్నారట. ఈ మాట ఎంతమంది ఆడవాళ్లు విన్నారో సంఘాల్లో పనిచేసే మీకు నేను చెప్పక్కర్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక రాత్రి వదిన పొట్ట కుండలా ఉబ్బింది. మెలిపెట్టే నొప్పి, పసరు వాంతులు. విరేచనం లేదు, గాలి కూడా పోవడం లేదు. ఊళ్లో ఆర్.ఎం.పి. గ్యాసన్నాడు, సూది వేశాడు. పక్కింటి పెద్దావిడ ఆముదం పట్టించబోయింది. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని విజయవాడ తీసుకెళ్లాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ‘పేగులు అతుక్కున్నాయి. వెంటనే పొట్ట తెరవాలి. డబ్బు కట్టి సంతకం పెట్టండి’ అన్నారు. ఎందుకు అతుక్కున్నాయని అడిగాను. ‘పాత ఆపరేషన్ వల్ల. మామూలే’ అన్నారు. అంత మామూలైతే ఆ పాత ఆపరేషన్ రోజున ఎందుకు చెప్పలేదు? ఆగి చూసే వీలుందా అంటే, ‘డాక్టరు మీరా, నేనా?’ అనే జవాబొచ్చింది.

తెలిసిన సర్జన్ ఒకాయనకు ఫోన్ చేశాం. జ్వరముందా, నాడి వేగంగా కొట్టుకుంటోందా, పొట్ట చెక్కలా గట్టిపడిందా, నొప్పి వచ్చిపోతోందా లేక తెరిపి లేకుండా ఉందా అని అడిగి, తన దగ్గరికి తీసుకురమ్మన్నారు. ఆ నాలుగు ప్రశ్నలూ మొదటిచోట ఎవరూ అడగలేదు.

అక్కడేం చేశారో వివరంగా చెబుతాను, మనం తెలుసుకోవలసింది అదే. నోటికి ఏమీ ఇవ్వలేదు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి నిలవున్న పసరంతా తీశారు. సెలైన్‌తో నీరు, లవణాలు ఎక్కించారు. పొటాషియం తగ్గితే పేగు కదలదట, రక్తం పరీక్ష చేసి అదీ సరిచేశారు. మూత్రం కొలిచారు. రాత్రి కూడా ఎవరో ఒకరు వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి చూస్తూనే ఉన్నారు. తర్వాత గొట్టంలోంచి గాస్ట్రోగ్రాఫిన్ అనే మందు పోశారు. ఎక్స్‌రేలో అది తెల్లగా కనబడుతుంది. 24 గంటల్లో పెద్దపేగుకు చేరితే చాలావరకు కత్తి అవసరం రాదు. చేరింది. మూడోరోజు పొద్దున వదినకు గాలి పోయింది. సిగ్గుపడుతూనే చెప్పింది. వార్డులో ఆడవాళ్లమంతా పగలబడి నవ్వాం.

ఇదేమీ వింత వైద్యం కాదు. పేగుకు రక్తం ఆగిపోయిన సూచనలు లేకపోతే, అతుకుల వల్ల వచ్చే అడ్డంకి నూటికి 70 మందికి పైగా ఇలాగే విడిపోతుంది. 72 గంటల దాకా ఆగి చూడవచ్చని 2017 నాటి బొలోనా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మళ్లీ కోస్తే మళ్లీ కొత్త అతుకులు.

ఆపరేషన్లు వద్దంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. జ్వరం, తెరిపిలేని నొప్పి, గట్టిపడిన పొట్ట ఉంటే గంటల్లో పేగు కుళ్లిపోతుంది, అప్పుడు కత్తే ప్రాణం కాపాడుతుంది. ఇంట్లో కూర్చుని ఆగడం కూడా ఆగి చూడటం కాదు. చేతి మర్దనాతో అతుకులు వదులు చేస్తామనే చికిత్స విదేశాల్లో ఉంది కానీ దాని మీద జరిగినవి చిన్న అధ్యయనాలే. పేగు అడ్డుపడి ఉన్నప్పుడు పొట్ట పిసికినా, ఆముదం తాగించినా ముప్పే.

ఆగి చూడటానికి కావలసింది మనుషులు. పొట్ట చూసే నర్సు, రాత్రి మేలుకుని ఉండే డాక్టరు, అవసరమైతే అప్పటికప్పుడు తెరవడానికి థియేటరు. కోతకున్న రేటు ఈ కాపలాకు లేదు. మన ఊళ్లకు దగ్గరి ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ఉండాలని మనమెందుకు గట్టిగా అడగం?

ఢిల్లీలో మత్తులో ఉన్న ఒక స్త్రీ గర్భసంచిని ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకుని తీసేశారు. ఆ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చికిత్స ఏమిటి, వేరే దారులేమిటి, ప్రమాదాలేమిటి అని రోగికే చెప్పాలి, అది చెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు అంది. వదినకు రెండుసార్లూ ఎవరూ ఏమీ చెప్పలేదు. మొదటిసారి సంతకం మా అన్నయ్యది.

గర్భసంచి తీసినచోటికి వెళ్లి పాత కాగితాలు అడిగాను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 3 ఏళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయన్నారు. అతుకులకు మాత్రం గడువేమీ లేదు!

కిందటి సమావేశానికి అందరినీ ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నాం. సగం మందికి పైగా ఉత్త చేతులతో వచ్చారు. ఈ మూడేళ్ల లోపు ఆపరేషన్ అయినవాళ్ల తరఫున ఆసుపత్రులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాం.