ఫెరారీ చవకే... బెల్టే ఖరీదు!

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనలు తిరగేసేవారికి 2010 ప్రాంతంలో ఓ వింత కనిపించేది. ఫెరారీ ఎఫ్355 అనే కారు తొంభైల మధ్యలో కొత్తగా వచ్చినప్పుడు లక్షా ఇరవై వేల డాలర్ల పైమాటే. పదిహేనేళ్లు గడిచేసరికి అదే కారు యాభై, అరవై వేల డాలర్లకు దొరికేది. ఆ డబ్బుకు అక్కడ ఓ మోస్తరు జర్మన్ కారు వస్తుంది, అంతే! ఎర్ర రంగు, ముక్కు మీద గుర్రం బొమ్మ, వీపు వెనక నలభై వాల్వుల ఇంజిన్. చిన్నప్పుడు గోడమీద పోస్టరుగా అంటించుకున్న బండి ఏకంగా ఇంట్లోకే వచ్చేస్తానంటే ఎవరికి మాత్రం మనసాగుతుంది?

కొన్నవాళ్లు కొన్నారు. ఏడాది తిరక్కుండా అమ్మేసినవాళ్లూ ఉన్నారు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదంటారు కదా... ఈ కార్ల విషయంలో అంకుశమే చిన్న ఏనుగంత ఖరీదు మరి.

కిటుకంతా ఓ రబ్బరు బెల్టులో ఉంది. ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే, వాటికి సరిగ్గా తాళం వేస్తూ వాల్వులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. ఆ రెంటినీ కలిపి నడిపేది టైమింగ్ బెల్టు. మామూలు కారులో తెగినా ఇబ్బందే. ఫెరారీలో తెగితే మాత్రం పెద్ద నష్టమే. తెరిచి ఉన్న వాల్వులకు పిస్టన్లు గుద్దుకుంటాయి. ఎఫ్355లో ఒక్కో సిలిండర్‌కు అయిదు వాల్వులు. మూడున్నర లీటర్ల ఇంజిన్, అయిదు వాల్వులు... పేరులోని 355 అంకెల గుట్టు అదే. ఎనిమిది సిలిండర్లకు కలిపి నలభై వాల్వులు వంగిపోతే బాగుచేయించడం కన్నా మరో ఇంజిన్ వెతుక్కోవడం తేలిక.

కాబట్టి బెల్టు తెగకముందే మార్చాలి. కంపెనీ తరహా లెక్క మూడేళ్లకోసారి. బయటి మెకానిక్‌లు కాస్త ఉదారంగా అయిదేళ్ల వరకూ ఆగొచ్చంటారు. ఇందులో కిలోమీటర్లతో పనిలేదు. బండి పదివేల మైళ్లు తిరిగినా, దుప్పటి కప్పుకొని నిద్రపోయినా రబ్బరు వయసు రబ్బరుదే. సరే, బెల్టు ఎంతుంటుంది? బెల్టు ధర పెద్ద విషయమే కాదు. అది ఇంజిన్‌కు ముందువైపు, అంటే సీట్ల వెనకనున్న గోడకు ఆనుకొని ఇరుకులో ఉంటుంది. అక్కడికి చెయ్యి పోదు. అందుకని కారును లిఫ్టు మీద పైకెత్తి, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ వాటిని మోసే చట్రంతో సహా కిందికి దించేస్తారు. బెల్టు మార్చి మళ్లీ అన్నీ బిగిస్తారు. రోజుల తరబడి పని. కూలీ గంటల లెక్కన. అమెరికాలో బయటి షెడ్డులో చేయించినా ఆరు నుంచి పదివేల డాలర్ల దాకా అవుతుంది. మన డబ్బులో అయిదారు లక్షల నుంచి మొదలన్నమాట!

అంతటితో అయిపోతే ఎవరూ కంగారుపడరు. ఇంజిన్ ఎలాగూ కిందికి దించాం కాబట్టి అంటూ అసలు చిట్టా అప్పుడు మొదలవుతుంది. నీళ్ల పంపు కాస్త కారుతోంది. బెల్టును బిగించి ఉంచే బేరింగులు మార్చాలి. పాత రబ్బరు గొట్టాలు గట్టిపడ్డాయి. క్లచ్ ప్లేటు మరో ఏడాదికి మించి రాదు. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఇంజిన్ దించాల్సిందే. మెకానిక్ చెప్పేది అబద్ధం కాదు. అక్కడే వస్తుంది చిక్కు. పాత ఇల్లు కొని ఒక్క కుళాయి మార్పిద్దామని గోడ పగలగొట్టించినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

355కి ప్రత్యేకమైన జబ్బులూ ఉన్నాయి. ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే మ్యానిఫోల్డులు వేడికి పగుళ్లిస్తాయి. తొలి ఏళ్ల కార్లలో వాల్వ్ గైడ్లు త్వరగా అరిగిపోతాయి. అలా అరిగితే ఇంజిన్ హెడ్లు విప్పాలి. ఇక లోపల కూర్చుంటే మరో విడ్డూరం. తొంభైలు, 2000లలో వచ్చిన ఫెరారీల్లో బటన్లకు మెత్తటి పూత ఒకటి వేశారు. కొత్తలో పట్టులా ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగి, బెల్లం పాకంలా వేళ్లకు అంటుకుంటుంది. ఆ పూత తీసి మళ్లీ రంగు వేసి పంపడమే పనిగా బతుకుతున్నవాళ్లు ఉన్నారక్కడ. అంత డబ్బు పోసి కొన్న బండిలో ఏసీ వేసుకుంటే వేలు నల్లబడుతుందంటే నవ్వాలో ఏడవాలో!

ఫెరారీ వాళ్లకూ ఈ గోల అర్థమైనట్టుంది. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఓ తలుపులాంటి పలక పెట్టారు. దాన్ని విప్పితే ఇంజిన్ దించకుండానే బెల్టు మార్చొచ్చు. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టు తీసేసి ఏకంగా గొలుసే పెట్టారు. పాత ఫెరారీ కొనాలనుకునేవారికి అనుభవజ్ఞులు ముందుగా ఈ రెండు పేర్లే చెబుతారు. అలాగని గొడవ తీరిపోలేదు. ఈ కార్లలో చాలావాటికి క్లచ్ పెడల్ ఉండదు. స్టీరింగ్ వెనక మీటలు నొక్కితే కంప్యూటరే క్లచ్ వేసి గేరు మారుస్తుంది. హైవే మీద ఇది హాయి. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిపినా, ఇంటిముందు ఏటవాలు మీద వెనక్కి తీసినా క్లచ్ ప్లేటు కర్పూరంలా హరించుకుపోతుంది. జాగ్రత్తగా నడిపిన ఒకాయనకు ముప్ఫై వేల మైళ్లు వచ్చిన ప్లేటు ఇంకొకాయనకు పదివేలకే అయిపోతుంది. ఎంత అరిగిందో కంప్యూటర్ పెట్టి శాతాల్లో చూడొచ్చు. కొనేముందు ఆ ఒక్క అంకె అడగని వాళ్లు తర్వాత వేల డాలర్లు సమర్పించుకుంటారు.

మన దేశంలో అందరికీ తెలిసిన ఫెరారీ కూడా ఈ 360 మోడెనానే. టెస్టుల్లో 29 సెంచరీలతో బ్రాడ్‌మన్‌ను అందుకున్నందుకు సచిన్ తెందుల్కర్‌కు ఫియట్ కంపెనీ దాన్ని కానుకగా ఇచ్చింది. 2002లో సిల్వర్‌స్టోన్‌లో మైకేల్ షుమాకర్ చేతుల మీదుగా అందింది. ఉచితంగా వచ్చిన కారుకు దిగుమతి సుంకం కోటీ పదమూడు లక్షల దాకా తేలింది! ప్రభుత్వం మినహాయింపు ఇవ్వబోతే దేశమంతా రచ్చ. వ్యవహారం కోర్టు దాకా వెళ్లాక చివరికి ఆ సొమ్ము ఫియట్టే కట్టింది. 2011లో ఆ కారు సూరత్‌కు చెందిన ఓ వ్యాపారి చేతికి వెళ్లింది. అంటే దేశంలో ఎక్కువమంది నోళ్లలో నానిన ఫెరారీ కూడా చివరికి సెకండ్ హ్యాండ్ బండే అయింది.

తిప్పితే అరుగుతుంది కదా, తిప్పకుండా దాచుకుంటే ఖర్చు తప్పుతుందనుకుంటే అది మరీ పొరపాటు. నిలబెట్టిన కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. నూనె కారుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం టైర్లతో. పైకి నల్లగా నిగనిగలాడుతూ, గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. లోపల రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ ప్రాణం పోయింది పోర్షే కరెరా జీటీలోనే. నడుపుతున్న ఆయన మిత్రుడూ చనిపోయాడు. అతివేగమే కారణమని దర్యాప్తులో తేల్చారు. దాంతోపాటు మరో మాట కూడా రాశారు... ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లు. అంత పాత టైర్లు బండి అదుపును దెబ్బతీసి ఉంటాయని. ఆ జాగ్రత్తకు ఫెరారీయే ఉండక్కర్లేదు. మన వాకిట్లో ఉన్న మారుతి టైరు పక్కన కూడా నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో ఇరవైమూడో వారంలో తయారైనట్టు. ఓసారి వంగి చూసుకోవడానికి పైసా ఖర్చులేదు.

బ్రేకుల సంగతీ చెప్పుకోవాలి. ఖరీదైన రకాల్లో ఇనుప డిస్కుల బదులు కార్బన్ సెరామిక్‌వి ఉంటాయి. రోడ్డు మీద నడుపుకుంటే అవి ఏళ్ల తరబడి వస్తాయి. రేసు ట్రాక్ మీద తరచూ తిప్పినా, చక్రం విప్పేటప్పుడు మెకానిక్ చేయి జారి అంచుకు తగిలి పెచ్చు లేచినా మార్చాల్సిందే. నాలుగు డిస్కుల ధరలో మరో కొత్త కారు వచ్చేస్తుంది.

ఇంకా పైమెట్టు ఎక్కితే ఈ లెక్కలన్నీ చిల్లరగా కనిపిస్తాయి. తొంభైలలో మొత్తం 106 మాత్రమే తయారైన మెక్‌లారెన్ ఎఫ్1 సర్వీసింగ్‌కు కంపెనీ వాళ్లు చాలాకాలం పాటు ఆనాటి కాంపాక్ ల్యాప్‌టాప్‌లనే వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. కొత్త కంప్యూటర్ల మాట ఆ కారు వినదు! మిస్టర్ బీన్‌గా మనకు తెలిసిన రొవాన్ అట్కిన్సన్ దగ్గర ఓ ఎఫ్1 ఉండేది. 2011లో ఇంగ్లండ్‌లో చెట్టుకు గుద్దుకొని నుజ్జయింది. ఆయన బతికి బయటపడ్డాడు. బాగుచేయడానికి ఏడాదికి పైగా పట్టింది. బీమా కంపెనీ చెల్లించింది 9 లక్షల 10 వేల పౌండ్లు. దాన్ని తుక్కు కింద రాసేయొచ్చుగా అంటే, రాసేస్తే కారు విలువ మొత్తం కట్టాలి. అది ఇంకా ఎక్కువ. 2015లో ఆయన దాన్ని 80 లక్షల పౌండ్లకు అమ్మేశాడు. ఇలాంటి జాతకాలు నూటికో కోటికో ఒకటి. దీన్ని చూపించి ఇంట్లోవాళ్లను ఒప్పించాలని చూస్తే మాత్రం కుదరదు.

చవగ్గా వస్తోందని పోర్షే బాక్స్‌టర్ వైపు చూసేవారికీ ఓ హెచ్చరిక ఉంది. 1997 నుంచి 2008 దాకా వచ్చిన బాక్స్‌టర్‌లలో, ఆ కాలపు 911లలో ఇంజిన్ లోపల చిన్న బేరింగు ఒకటి ఉంటుంది. అన్ని కార్లకూ రాదుగానీ, అది విరిగితే ఇంజిన్ మొత్తం పోయినట్టే. ఈ విషయమై అమెరికాలో యజమానులు కోర్టుకెక్కితే 2013లో రాజీ కుదిరింది. తెలిసినవాళ్లు క్లచ్ మార్చే రోజునే ఆ బేరింగునూ మార్పించేసుకొని గుండెమీద చెయ్యేసుకొని పడుకుంటారు.

పాతకార్ల వ్యాపారంలో పండినవాళ్లు రంగు చూడరు, కాగితాలు చూస్తారు. బెల్టు ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు, బిల్లు ఏది? తక్కువ మైళ్లు తిరిగిందని మురిసిపోవడం కన్నా ఏటా సర్వీసింగ్ జరిగిందా అని అడగడం మేలు. అమ్మేవాడి మనిషి కాకుండా వేరే మెకానిక్‌తో సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో పరీక్ష చేయిస్తారు. దానికి కొన్ని వందల డాలర్లు. ఆ కాసిన్ని వందలకు వెనకాడి ఎన్నో వేలు పోగొట్టుకున్న కథలు ఆ షెడ్డుల్లో ఎన్నైనా వినొచ్చు.

మన దగ్గరికి అమెరికా నుంచి ఓ 355ను తెచ్చేసుకుందామంటే వీలుకాదు. మూడేళ్లు దాటిన వాడిన కారును మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. స్టీరింగ్ కూడా కుడివైపే ఉండాలి. కాబట్టి ఇక్కడ దొరికేవి ఇక్కడే కొత్తగా కొని వదిలించుకున్నవి. ఫెరారీకి మన దేశంలో అధికారిక షోరూం 2011లో ఢిల్లీలో తెరుచుకుంది. హైదరాబాద్‌లో కొన్న పాత బండికి చిన్న సెన్సర్ పోతే విడిభాగం విదేశం నుంచి రావాలి, సుంకం కట్టాలి. పెద్ద రిపేరైతే బండిని లారీ మీద ఎక్కించి ఇంకో నగరానికి పంపాలి. కాలనీ కుర్రాళ్లు సిమెంటుతో పోసిన స్పీడు బ్రేకరు దగ్గర ముందు బంపరు రాసుకుంటే అదో లెక్క. ఇవన్నీ సర్వీసింగ్ బిల్లులో కనిపించని పద్దులు.

ఇంతకీ ఆ ఎఫ్355ల సంగతేమైంది? 2010 ప్రాంతంలో పదివేల డాలర్ల బిల్లు చూసి హడలెత్తి, వచ్చినకాడికి అమ్మేసినవాళ్లు ఇప్పుడు ఆ ప్రకటనలు చూసి చేతులు నలుపుకొంటున్నారు. చేత్తో గేర్లు వేసే రకానికి గిరాకీ పెరిగింది. శుభ్రంగా ఉన్న బండి లక్షన్నర డాలర్లు దాటి పలుకుతోంది. కొత్తప్పటి ధరకన్నా ఎక్కువ! ఓపిగ్గా ఉంచుకున్నవాళ్లు లాభపడ్డారనుకుందామంటే, ఈ పదిహేనేళ్లలో వాళ్లు ఆ ఇంజిన్‌ను మూడు నుంచి అయిదుసార్లు కిందికి దించి ఎక్కించి ఉంటారు. కొత్తగా కొన్నవాడు మొట్టమొదట అడిగేదీ అదే... బెల్టు ఎప్పుడు మార్చారు?