ఇంటి లెక్కలు: డబ్బా ఏడ కట్టుకుంటవు?

కామాఠీపురాలో పుట్టి పెరిగిన మనవాళ్ళకు సైకిలు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఈసారి ఆ సాహసం చేస్తున్నాను. కారణం మా మేనల్లుడు.

వాడికి పరేల్‌లో ఉద్యోగం దొరికింది. రోజూ బస్సు కోసం నిలబడలేక సైకిలు కొనాలనుకున్నాడు. మామూలు సైకిలు కాదు, వంపు హ్యాండిలున్న రోడ్ బైకు. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి దాచిన ఇరవై ఐదు వేలు చేతిలో ఉన్నాయి. ఫోనులో రెండు బొమ్మలు చూపించి, "మామా, ఏది తీసుకోమంటవ్?" అన్నాడు.

ఒకటి ఇనుప ఫ్రేము, ఇరవై ఒక్క గేర్లు, డిస్కు బ్రేకులు. రెండోది అల్యూమినియం ఫ్రేము, ఏడు గేర్లు, చక్రం అంచును పట్టే మామూలు బ్రేకులు. ధర రెండింటికీ ఇరవై రెండు వేల లోపే. వాడి మనసు మొదటిదాని మీద ఉంది. "గేర్లు మూడింతలున్నయ్ గదా!"

మూలన వెల్లుల్లి ఒలుస్తున్న మా అమ్మ ఆ బొమ్మలు తెప్పించుకుని చూసి, "క్యారియర్ లేదేందిరా? డబ్బా ఏడ కట్టుకుంటవు?" అంది. అందరం నవ్వేశాం.

మా ఇంట్లో సైకిలంటే చిన్న విషయం కాదు. నాయన మిల్లుకు నల్ల సైకిలు మీద, వెనక డబ్బా కట్టుకుని పోయేవాడు. 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలై నెలలు గడిచినా తెగలేదు. ఆ ఏడే సైకిలు అమ్మి ఇంట్లోకి బియ్యం తెచ్చాడు. నాకప్పుడు పదేళ్ళు. ఆయన మళ్ళీ సైకిలు కొనలేదు. అందుకే మేనల్లుడి డబ్బు వృథా కాకూడదని నేనూ వెంట బయలుదేరాను. ఇప్పుడు పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు మారినా మనకెప్పటికీ ఫాక్‌లాండ్ రోడ్డే అయిన ఆ దారి దాటి, కాల్బాదేవి వైపు నడిచాం.

కొట్లో మొదటి పరీక్ష భుజానిది. మన చాళ్ళలో సైకిలు కింద వదిలి నిద్రపోలేం. చెక్కమెట్ల మీదుగా పైకి మోయాల్సిందే. నాయన కాలపు సైకిళ్ళు ఇరవై కిలోల దాకా తూగేవి. తక్కువ ధరలోనైనా సరైన రోడ్ బైకు పది పన్నెండు కిలోలుంటుంది. "రెండూ ఎత్తి చూడు" అన్నాను. మొదటిదాన్ని ఎత్తగానే వాడి మొహం మారిపోయింది.

రెండోది ఒంటి కొలత. పై కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడితే, మధ్యన ఒకటి రెండంగుళాల సందు ఉండాలి. హ్యాండిలు పట్టుకున్నప్పుడు మోచేతులు కొంచెం వంగాలి. సీటు ఎత్తు మార్చుకోవచ్చు గాని, పెద్ద ఫ్రేము చిన్నది కాదు.

మూడోది మన రోడ్లు. 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు చూడ్డానికి బాగుంటాయి, గుంతల్లో పడితే ఏడిపిస్తాయి. 28 గాని 32 గాని మేలు. వాల్వు కూడా చూడండి. చాలా రోడ్ బైకులకు ప్రెస్టా అనే సన్న వాల్వు ఉంటుంది. దానికి గల్లీలోని పంపు పట్టదు. చిన్న అడాప్టరు ఒకటి జేబులో ఉంచుకోవాలి.

ఇక గేర్లు. పరేల్ దాకా దారి దాదాపు చదునే. ఏడు చాలు. ఇరవై ఒకటిలో చాలా గేర్లు ఒకదానికొకటి దగ్గరగానే పనిచేస్తాయి. వానలో డిస్కు బ్రేకే బాగా పడుతుందన్నది నిజమే. కాని చౌకరకం డిస్కును తరచూ సరిచేయించాలి. మామూలు బ్రేకు రబ్బర్లు ఏ గల్లీ మెకానిక్కైనా మారుస్తాడు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు స్కేలు తీసుకెళ్ళండి. గొలుసులో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం. ఇరవై నాలుగు అరలు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే గొలుసు మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్ళచక్రాలు కూడా. ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. కొత్తది కొంటే బిల్లు చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళపై జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఉన్న డబ్బంతా సైకిలుకే పెట్టేయకుండా తాళం, హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, పంపు కోసం కొంత మిగుల్చుకోండి.

మావాడు ఇంకా ఇరవై ఒక్క గేర్లకేసి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు అమ్మ మాట గుర్తొచ్చి వెనక చక్రం ఇరుసు దగ్గర వంగి చూశాను. క్యారియర్ బిగించే మర రంధ్రాలు రెండోదానికే ఉన్నాయి. వీపున సంచీతో ముంబయి ఉక్కలో ఆఫీసుకు చేరితే చొక్కా ఏమవుతుందో వాడికి వేరే చెప్పనక్కర లేకపోయింది. ఏడు గేర్లదే కొన్నాం. మిగిలిన డబ్బులో క్యారియర్ కూడా వచ్చింది.

ఇంటికి తెచ్చాక అమ్మ హ్యాండిలుకు పసుపు కుంకుమ పెట్టింది. తర్వాత వెనక్కి వెళ్ళి క్యారియర్‌ను రెండు చేతులతో పట్టి లాగి చూసింది.

"గట్టిగనే ఉంది. రేపట్నుంచి డబ్బా కడత" అంది.