కంటికి గానరాని దూలములు

సాఫ్టువేరు పని యనగా యంత్రము ముందు కూర్చుండి మీటలు నొక్కుటయే యని తలచువారు నేటికిని పెక్కుమంది కలరు. పని ఆలస్యమైనప్పుడెల్ల "చిన్న మార్పే కదా, ఇంతకాల మేల?" యని అధికారులు గద్దించుట పరిపాటియైనది. ఈ ప్రశ్న న్యాయమైనది కాదని మా యభిప్రాయము.

గోడ తీసివేయు మనబోవు గృహస్థు దానిపై ఆనియున్న దూలమును కన్నులార చూచును, చూచి యాగును. సాఫ్టువేరునందు దూలములు కానరావు. అచ్చట బరువును మోయునవి ఎవరును నోట పలుకని ఊహలు.

ఒక సామాన్యమైన దరఖాస్తునే తీసికొందము. పేరునకు రెండు గళ్లు: మొదటి పేరు, చివరి పేరు. గీసినవానికి ఇది గడియసేపు పని. కాని తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. ఆచారము చొప్పున నింపినవానిని యంత్రము ఇంటిపేరుతో పిలుచును. తమిళ సోదరులలో అనేకులకు ఇంటిపేరే లేదు. రెండవ గడి నింపనిదే యంత్రము ముందునకు పోనీయదు. తుదకు పాసుపోర్టులో నొకవిధముగను, బ్యాంకులో మరియొకవిధముగను నమోదై ఒక్క మనుష్యుడే యిద్దరగును. పోనీ, గడి మార్చుదమన్న జాబితాల వరుస, రశీదులు, ఇతర కార్యాలయముల లెక్కలతో సరిచూచు భాగము, అన్నియు ఆ రెండు గళ్లనే నమ్ముకొని యుండును. చిన్న మార్పనగా నిదియే!

ఇది గుమాస్తాల చిక్కేగదా యనువారు 1996 జూను 4వ తేదీని స్మరింతురుగాక. ఐరోపావారి ఏరియన్ 5 వాహనము బయలుదేరిన సుమారు 40 సెకండ్లలో ముక్కలయ్యెను. దాని గమనమును కనిపెట్టు భాగపు సాఫ్టువేరును ఏరియన్ 4 నుండి తెచ్చిరి. పాత వాహనము ఆదిలో అడ్డముగా అంత వేగముతో సాగదు గావున ఒక సంఖ్యకు కాపలా పెట్టలేదు. కొత్తదాని వేగమునకు ఆ సంఖ్య 32,767 దాటి, ఉంచిన చోట ఇమడలేదు. మారుభాగమునను అదే సాఫ్టువేరు. అదియు నట్లే నిలిచిపోయెను. విచిత్రమేమన, ఎగిరిన పిదప ఆ లెక్కతో కొత్త వాహనమునకు పనియే లేదు! పాతవారి నిర్ణయము తమ వాహనమునకు సరియైనదే. అది ఏ యూహపై నిలిచినదో కొత్తవారి కంటబడలేదు.

ఆలస్యమునకు మందుగా మనుష్యులను చేర్చుట మరియొక భ్రమ. ఐ.బి.ఎం. వారి పెద్ద పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, అట్లు చేర్చిన ఆలస్యము పెరుగునని 1975లోనే గ్రంథస్థము చేసెను. ఊహలన్నియు కొత్తవారికి చెప్పవలయును గదా, చెప్పువాడు పాతవాడే.

ముందుగా అన్నియు ఊహింప సాధ్యము కాదు, వ్రాయుచు దిద్దుకొందమను వాదములో సత్యము కలదు, కాదనము. కాని దిద్దుబాటునకు గడువులో చోటేది? హైదరాబాదున కూర్చుండి రూపము దిద్దువాడు దానిని వాడు గుమాస్తాను ఒక్కనాడైనను చూడడు. ఏమి కట్టవలయునో తెలియకముందే తేదీ నిశ్చయమగుచున్నది. అధికారులు ఆ తేదీని వ్రాయుటకు ముందు ఆ యువకుని వారము దినములు గుమాస్తా ప్రక్కన కూర్చుండనిండు. అతడు తెలిసికొన్న ఊహలను కాగితముపై పెట్టించుడు. ఆ తరువాత గడువును గూర్చి మాటాడుకొనవచ్చును.