మెంతులు మంచివే... మాత్ర మాత్రం మానకండి!

షుగరు వచ్చిందని డాక్టరుగారు చెప్పిన రోజునుంచీ ఆ ఇంట్లో ముందుగా మారేది వంటిల్లు. పోపుల డబ్బా పక్కన కొత్త సీసాలు వచ్చి చేరతాయి. నేరేడు గింజల పొడి, కాకర పొడి, పొడపత్రి. మెంతులైతే సరేసరి! ఆడపడుచు ఫోనులో చెప్పింది ఒకటైతే, గుళ్లో కలిసినావిడ చెప్పింది ఇంకొకటి. చెప్పేవాళ్లు ఎందరున్నా ఎంత పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది చివరికి ఇల్లాలి చేతిలోనే పడుతుంది. అందుకే ఈ వారం ఆ సీసాల సంగతి మాట్లాడుకుందాం.

మెంతుల గొప్ప ఉత్త నోటిమాట కాదు. మన హైదరాబాదులో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు షుగరు రోగులకు మెంతులు పెట్టి చూశారు. 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇన్సులిన్ వాడేవాళ్లకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాముల చొప్పున, మధ్యాహ్నం సగం, రాత్రి సగం భోజనంలో కలిపి 10 రోజులు ఇచ్చారు. రక్తంలో చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మెంతులు నానబెడితే జిగురు వస్తుంది చూశారా, ఆ పీచు కడుపులో చిక్కగా మారి, అన్నంలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి పోకుండా ఆపుతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. టీస్పూను మెంతులు దాదాపు 4 గ్రాములు తూగుతాయి. మరి రాత్రి చెంచాడు నానేసి, పొద్దున్నే తాగి, "మెంతులు తీసుకుంటున్నాంగా" అని నిశ్చింతగా ఉంటే ఎలా? ఆ పరిశోధనలో పెట్టింది దీనికి 25 రెట్లు! పైగా కొందరు నీళ్లు తాగేసి గింజలు పారేస్తారు. పనికొచ్చే పీచులో చాలా భాగం గింజలోనే ఉండిపోతుందమ్మా, గింజలు కూడా నమిలి తినాలి. అలాగని రేపటినుంచి 100 గ్రాములు పెట్టేయకండి, కడుపుబ్బరం, విరేచనాలతో మనిషి బెంబేలెత్తిపోతారు. అర చెంచాతో మొదలుపెట్టి, ఒంటికి పడితే మెల్లగా పెంచండి. చేదనేవాళ్లకు దోరగా వేయించి పొడి కొట్టి మజ్జిగలోనో, దోసెల పిండిలోనో కలిపేస్తే తెలియకుండా తినేస్తారు. మాడనిచ్చారో, ఆ చేదు ఇల్లంతా తెలుస్తుంది. గర్భిణులు కూరలో పోపులో వేసుకునే మెంతులతో సరిపెట్టుకోవాలి, మందులా ఎక్కువెక్కువ తీసుకోకూడదు.

పొడపత్రి ఆకు నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే కాసేపు తీపి తెలియదు. అది ఆ ఆకు మహిమే. కానీ నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర లేదని కాదు. కాకర మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. కూరగా అది భేషైన కూర, సందేహం లేదు. అయితే నిమ్మకాయంత బెల్లం వేసి కాకర పులుసు పెట్టి, "షుగరుకి మంచిదండీ" అని వడ్డించడం మాత్రం మనకే చెల్లింది!

అసలు భయమంతా ఎక్కడంటే, పొడి మొదలుపెట్టి మాత్ర మానేయడం దగ్గర. షుగరు పెరిగినా చాలాకాలం ఒంట్లో ఏమీ అనిపించదు. ఆలోగా కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు లోలోపల దెబ్బతింటాయి. చిన్నతనంలోనే షుగరు వచ్చి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకైతే ఇంజెక్షన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఆకుమందు వేరు, ఇంగ్లీషు మందు వేరు అని గిరి గీసుకోవడం దేనికి? ఇప్పుడు ఇంటింటా వాడే మెట్‌ఫార్మిన్ కథ కూడా యూరప్‌లో పెరిగే గాలెగా అనే మొక్కతోనే మొదలైంది.

రెండో ప్రమాదం దీనికి తలకిందులు. మాత్రా వేసుకుని, పొడులూ దండిగా తిని, భోజనం ఆలస్యం చేస్తే షుగరు మరీ పడిపోవచ్చు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లకు ఇది ముఖ్యం. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం... ఇవి కనిపిస్తే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

థైరాయిడ్ మాత్ర వేసుకునే మనవాళ్లు చాలామంది దానివెంటే మెంతులు తినేస్తుంటారు. పీచు ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం గంట ఆగి మెంతులు తినండి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల తేడా ఉండాలి.

దగ్గుకు వాడే అతిమధురం సంగతీ చెప్పాలి. నాలుగు రోజులు చప్పరిస్తే ఏమీ కాదేమోగాని, నెలల తరబడి వాడితే ఒంట్లో పొటాషియం తగ్గి, బి.పి. పెరుగుతుంది. అత్తగారికి బి.పి. మాత్ర పనిచేయడం లేదనుకునే ముందు ఆవిడ దిండు కింద ఒకసారి వెతకండి.

ఇక పేరూ ఊరూ లేని పొట్లాలు. 2004లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మినవీ దొరికాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమై, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బితే అనుమానించాల్సిందే. కానీ అలాంటి పొడిని నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, పొట్లంతో సహా డాక్టరుకు చూపించాలి. కొనేటప్పుడు లైసెన్సు నంబరు, తయారైన తేదీ, లోపల ఏమేం కలిపారన్నది చీటీ మీద ఉందో లేదో చూడండి.

మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బిఎ1సి పరీక్షకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పొడులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఏది ఎన్ని చెంచాలు, ఏ వేళకు వాడుతున్నారో కాగితం మీద రాసుకోండి. "ఇవన్నీ ఎందుకమ్మా?" అని డాక్టరుగారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఒక్కటి కూడా దాచకుండా బల్ల మీద పెట్టండి.