బీరువాలో 22 చాదర్లు

ఈసారి రాసేది చదివి మా ససురాల్‌లో కొందరు నారాజ్ అవుతారు. అవ్వనీ. మూణ్ణెల్లు సబర్ చేశాను, ఇక నావల్ల కాదు.

మా ఇంట్లో ఎనిమిది మందిమి. రెండు పలంగులు, నేల మీద పరిచే పెద్ద బిస్తర్లు రెండు. వాటి మీద వాడకంలో ఉన్న చాదర్లు నాలుగంటే నాలుగే. మా అత్తమ్మ బీరువాలో ఉన్నవి 22. ఊరికే అనడం లేదు, లెక్కపెట్టాను. నా జహేజ్‌లో వచ్చినవి ఆరు, ఆడబిడ్డ దుబాయ్ నుంచి తెచ్చినవి నాలుగు, మిగతావి షాదీల్లో పెట్టినవి. కొన్నిటికి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.

అవన్నీ ఎవరి కోసం? మెహమాన్ల కోసం. ఈద్‌కి రెండు బయటికొస్తాయి, బక్రీద్‌కి రెండు. మెహమాన్లు వెళ్లిన మర్నాడే ఉతికి, మడతపెట్టి, మళ్లీ తాళం. ఏడాదికి నాలుగు రాత్రులు వచ్చే వాళ్లకి పూల చాదర్, మిగతా రోజులన్నీ ఈ ఇంట్లో చెమటోడ్చే వాళ్లకి నెలకోసారి నీళ్లు చూసే చాదర్. తకియా గిలాఫ్ సంగతి అడగొద్దు. కొబ్బరినూనె పట్టి పట్టి దాని అసలు రంగేమిటో నాకే గుర్తులేదు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చటే అయితే రాసేదాన్ని కాదు. మీ ఇంటి బీరువా తెరిచి చూసుకోండి, తర్వాత నన్ను తిట్టండి.

మూణ్ణెల్ల కింద మా చిన్నదానికి ఖుజ్లీ మొదలైంది. ఆరేళ్ల పిల్ల. పగలు బాగానే ఆడుకునేది. రాత్రి పడుకుంటే చాలు, వేళ్ల సందుల్లో, నడుం దగ్గర గోక్కుని గోక్కుని ఏడ్చేది. కర్నూలు ఎండ వేడి అన్నారు. వంకాయ తిన్నదన్నారు. వేపాకు నీళ్లు పోయించారు. కొన్నాళ్లకి నాకూ దురద, మా మరిదికీ దురద. దవాఖానాకి తీసుకెళ్తే డాక్టరమ్మ చేతులు చూసి గజ్జి అని చెప్పింది.

ఇంటికొచ్చి చెప్పగానే మా ఫూఫీసాస్ అన్న మాట ఇది: "దూదేకులోళ్ల పిల్ల కదమ్మా, సఫాయి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అవును, నేను దూదేకుల ఇంటి ఆడపిల్లనే. నంద్యాలలో మా నానా దూదేకి పరుపులు కుట్టేవారు. మీ ఇళ్లలో మూడు తరాలు హాయిగా పడుకున్నది ఆ చేతులు ఏకిన దూది మీదే. ఆయన ప్రతి ఎండాకాలం పరుపు విప్పించేవారు. గలేబు ఉడకబెట్టి ఉతికించి, దూది ఎండకి పోసి, మళ్లీ ఏకి కుట్టేవారు. "పైన రేష్మీ చాదర్ కప్పితే లోపలి దుమ్ము ఎక్కడికి పోతుంది బేటీ?" అనేవారు. సఫాయి నేను నేర్చుకున్నది ఆ ఇంట్లో.

సరే, నా రోషం పక్కన పెడతాను. డాక్టరమ్మ చెప్పిన మాటలు వినండి. గజ్జి అంటే కంటికి ఆనని పురుగు చర్మంలోకి దూరడం. అది గందగీ వల్ల పుట్టే జబ్బు కాదు, రోజూ సబ్బుతో స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. ముఖ్యంగా ఒంటికి ఒళ్లు తగిలి అంటుకుంటుంది, ఒకే పక్క బట్టలు పంచుకున్నా రావచ్చు. మొదటిసారి వచ్చిన వాళ్లకి దురద తెలియడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అంటే ముందు గోక్కున్నదే ఇంటికి తెచ్చిందనే లెక్క తప్పు. మా చిన్నది తెచ్చిందో, హాస్టల్ నుంచి వచ్చిన మరిది తెచ్చాడో, వచ్చిపోయిన మెహమానే ఇచ్చిపోయాడో అల్లాహ్‌కే తెలుసు. ఇల్జామ్ మాత్రం బహూ మీద పడింది.

ఇలాజ్ ఏమిటంటే, ఇంట్లో ఉన్న అందరూ, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి మందు పూసుకోవాలి. డాక్టరు చెప్పిన ప్రకారం వారానికి మళ్లీ ఒకసారి. చాదర్లు, గిలాఫ్‌లు, తువ్వాళ్లు, వేసుకున్న బట్టలు వేడి నీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో కట్టి కొన్ని రోజులు పక్కన పడేయాలి. మనిషి ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదట.

మా ఇంట్లో ఏం జరిగింది? నేనూ నా పిల్లా పూసుకున్నాం. మిగతావాళ్లు "మాకేం రోగం?" అన్నారు. మరిది సిగ్గుపడి దాచుకున్నాడు. అందరి చాదర్లూ మార్చుదాం, బీరువా తాళం ఇవ్వండి అని అడిగాను. "అవి మెహమాన్లవి, ఖుజ్లీ పిల్ల కిందికా?" అంది అత్తమ్మ. మూడు వారాలకి గజ్జి మళ్లీ వచ్చింది. ఈసారి అత్తమ్మ చేతి వేళ్ల సందుల్లో కూడా.

ఆ రాత్రి నేను తాళం అడగలేదు. కొంగున ఉన్నది తీసుకున్నాను. అత్తమ్మ అటు తిరిగి పడుకుంది, ఒక్క మాట అనలేదు. ఎనిమిది మందీ మందు పూసుకున్నాం. నాలుగు కొత్త చాదర్లు పరిచాను. అల్హందులిల్లాహ్, ఇప్పుడు పిల్ల నిద్రపోతోంది.

ఇక అసలు మాటకొస్తాను. మనవాళ్లు చెప్పే బహానాలు నాకు బాగా తెలుసు.

"చాదర్ పాకే కదా, నజాసత్ లేదు కదా" అంటారు. నిజమే, చెమట నాపాక్ కాదు. కానీ పాక్ వేరు, సాఫ్ వేరు. దీన్ మనల్ని రెండూ అడిగింది. పోనీ, పాక్ సంగతైనా సరిగ్గా చూస్తున్నామా? పిల్లాడు పక్క తడిపితే ఒక చెంబు నీళ్లు చిలకరించి ఎండలో వేసి అయిపోయిందంటాం. మన హనఫీ మస్లా ప్రకారం మూడుసార్లు కడిగి, మూడుసార్లూ పిండాలి. పిండలేని బొంతైతే ప్రతిసారీ చుక్కలు కారడం ఆగేదాకా వదిలి మళ్లీ నీళ్లు పోయాలి. జానమాజ్ మీద ఈగ వాలనివ్వం. దాని పక్కనే ఉన్న బిస్తర్ వాసన మాత్రం మనకి తెలియదు.

పడుకునే ముందు బిస్తర్‌ని దులపమని రసూలుల్లాహ్ (స) చెప్పారు. మనం లేనప్పుడు దాని మీదికి ఏం వచ్చిందో తెలియదు కాబట్టి. బుఖారీలో ఉంది, మక్తబ్‌లో పిల్లలకి కూడా నేర్పుతారు. ఒక్క రాత్రి గడిచిన పక్కనే దులపమన్న దీన్ మనది. మనం నెల గడిచిన పక్క మీద దువా చదివి పడుకుంటున్నాం.

"మెహమాన్ నవాజీ సున్నత్" అంటారు. బేషక్. కానీ సహీహ్ ముస్లింలో ఇంకో మాట ఉంది, అది కూడా గుర్తు చేసుకోండి. ఒక బిస్తర్ మగవాడికి, ఒకటి భార్యకి, మూడోది మెహమాన్‌కి, నాలుగోది షైతాన్‌కి. అవసరానికి మించి షాన్ కోసం పోగేసే దాని గురించే ఆ మాట అని ఉలమా చెబుతారు. వరస కూడా చూడండి. ఇంటివాళ్లు ముందు, మెహమాన్ తర్వాత. ఇప్పుడు మా బీరువాలో ఉన్న 22లో ఎన్ని ఎవరి వాటానో మీరే చెప్పండి.

"నీళ్లెక్కడివి?" అంటారు. ఇది బహానా కాదు, నిజమైన కష్టం. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో నేనూ ఉంటున్నాను. అందుకే అన్నీ ఒకే రోజు ఉతకొద్దు. జుమెరాత్ ఒక బిస్తర్, ఇత్వార్ ఇంకొకటి, అలా వంతులు వేసుకోండి. గిలాఫ్‌లు వారం వారం, చాదర్లు వారానికో, మరీ కష్టమైతే రెండు వారాలకో. ఒక్కో పక్కకి రెండు చాదర్లుంటే చాలు, ఒకటి పరిచి ఒకటి ఉతుక్కోవచ్చు. నాలుగు పక్కలకి ఎనిమిది. మిగిలిన వాటిలో రెండు మెహమాన్లకి ఉంచి, తక్కినవి ఖాందాన్‌లో గరీబు షాదీకి ఇచ్చేయండి. నాఫ్తలీన్ ఖర్చు మిగులుతుంది, సవాబ్ దక్కుతుంది.

ఇక భాయిలతో ఒక మాట. చాదర్ మీద పడుకునేది ఎనిమిది మంది, ఉతికేది ఇద్దరు ఆడవాళ్లు. తడిసిన బొంత ఎంత బరువుంటుందో ఒక్కసారి బకెట్‌లోంచి ఎత్తి చూడండి. మా అత్తమ్మ నెలకోసారే ఎందుకు ఉతికేదో నాకు ఇప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్లు ఒంటరిగా పిండిన నడుము అది. ఇంట్లో ఉన్నప్పుడు రసూలుల్లాహ్ (స) ఇంటివాళ్ల పనిలో ఉండేవారని, నమాజ్ వేళకి లేచి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. ఆ సున్నత్ మీద జుమా ఖుత్బాలో ఎందుకు బయాన్ రాదో నాకు తెలియదు. మా మరిది ఇప్పుడు ఇత్వార్ నాడు చాదర్ రెండో కొస పట్టుకుని పిండుతున్నాడు. అతని మర్దానగీకి ఏమీ కాలేదు.

ఈ జుమాకి బీరువా తెరవండి. ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట దురద ఉంటే దాచకండి, డాక్టరుకి చూపించండి, ఎవరు తెచ్చారని వెతక్కండి.

ఫూఫీసాస్ వచ్చే నెల వస్తానన్నారు. తప్పకుండా రావాలి, ఇన్షా అల్లాహ్. శుభ్రంగా ఉతికి ఎండబెట్టిన చాదరే పరుస్తాను. కాకపోతే అది మేం రోజూ పడుకునేదే.