సైన్యం కోటది, ఖర్చు నవాబుది

దక్షిణ కొరియాలో ఉన్న అమెరికా సైన్యం ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడానికి ఆ రెండు దేశాలూ 1991 నుంచి ఒప్పందాలు తిరగరాసుకుంటూనే ఉన్నాయి. చెన్నపట్నానికి ఈ బేరం కొత్త కాదు. ఇక్కడైతే దానికి ఒక రాజ్యమే పోయింది.

ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా 1768లో సెయింట్ జార్జి కోటకు కూతవేటు దూరంలో, చేపాక్‌లో మహలు కట్టుకున్నాడు. అతనికి ఈస్టిండియా కంపెనీ అండ అక్కర్లేదని అనలేం. 1780లో హైదర్ అలీ సేనలు కర్ణాటకాన్ని తగలబెట్టాయి. అయితే ఆ అండ ధరను ఒక్క కంపెనీయే నిర్ణయించేది. 1787లో గవర్నర్ ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ కుదిర్చిన ఒప్పందం ప్రకారం సైన్యం ఖర్చు కింద నవాబు కట్టాల్సింది శాంతికాలంలో ఏటా 9 లక్షల వరహాలు, యుద్ధం వస్తే రాబడిలో ఐదింట నాలుగు వంతులు. అప్పటికే నవాబు కంపెనీ ఉద్యోగుల దగ్గరే వడ్డీకి అప్పులు చేసి, శిస్తు తాకట్టు పెట్టి, నిండా మునిగి ఉన్నాడు. ఆ అప్పులిచ్చినవాళ్ల మీద 1785లోనే ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో నిప్పులు చెరిగాడు. డబ్బు నవాబుదైనా పటాలాల పగ్గాలు మాత్రం కోటలోనే ఉండిపోయాయి. 1801లో కొత్త నవాబు అజీముద్దౌలాకు రాబడిలో ఐదో వంతు మిగిల్చి, పాలన కంపెనీ లాగేసుకుంది.

ఇక్కడో విచిత్రం. అదే 1787లో లండన్ ప్రభుత్వం ఇండియాకని నాలుగు రెజిమెంట్లు సిద్ధం చేసి, బిల్లు కంపెనీకి పంపింది. అడగని సైన్యానికి డబ్బెందుకు కడతామని కంపెనీ మొండికేసింది. దాన్ని దారికి తేవడానికి ప్రధాని పిట్ 1788లో ఏకంగా చట్టమే చేయించాల్సి వచ్చింది. కంపెనీ తన కోసం లేవనెత్తిన ఆ న్యాయమైన ప్రశ్ననే నవాబు అడిగితే వినేవాడెవడు?

మన సీమ కథా ఇదే. 1798లో హైదరాబాదు నిజాం ఆరు కంపెనీ పటాలాల కోసం ఏటా 24,17,100 రూపాయలు ఇస్తానన్నాడు. 1800 అక్టోబరులో నగదుకు బదులు నేలనే రాసిచ్చాడు: బళ్లారి, నేటి రాయలసీమలో చాలా భాగం. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చినవే అవి. గెలుచుకున్నదంతా సైన్యం జీతాలకే పోయింది. అలా దత్తమండలాలైన ఆ నేల మీది రైతు దగ్గర ఆ శిస్తు రాబట్టడానికి థామస్ మన్రో వచ్చాడు.

తర్వాత దేశమంతటికీ అదే లెక్క వర్తించింది. సామ్రాజ్యం కోసం కడలి దాటిన సిపాయిల మామూలు జీతాలు, ఉదాహరణకు 1867–68 అబిసీనియా దండయాత్రలో, ఇండియా ఖజానా మీదే పడ్డాయి. బ్రిటన్, ఇండియాల మధ్య ఖర్చుల పంపకం తేల్చడానికి 1895లో వెల్బీ కమిషన్ వేశారు. దాదాభాయి నౌరోజీ అందులో సభ్యుడు. ‘ది హిందూ’ వ్యవస్థాపకుల్లో ఒకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యర్ మద్రాసు నుంచి వెళ్లి, 1897లో దాని ముందు వాంగ్మూలమిచ్చారు. చివరికి 1933లో బ్రిటన్ ఏటా 15 లక్షల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇండియాలోని సైన్యం సామ్రాజ్యంలో ఎక్కడ అత్యవసరమైనా వెంటనే అక్కరకొస్తుందన్నది అందుకు చూపిన కారణాల్లో ఒకటి.