నల్ల కారుకు రెండో బకెట్

తార్నాకలోనో కాచిగూడలోనో నల్ల కారు కొన్నవాళ్లు నెల తిరక్కుండానే పాలిష్ డబ్బా తెచ్చుకుంటారు; నన్నడిగితే ముందు తెచ్చుకోవాల్సింది గుడ్డ జాడించుకోవడానికి రెండో బకెట్. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పొద్దున్నే ఒకే బకెట్ నీళ్లు, ఒకే పాతగుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచేస్తుంటారు కదా, ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుకే బానెట్ నిండా సాలెగూడులాంటి సన్నగీతలు గీస్తుంది. తెల్ల కారు వాటిని దాచుకుంటుంది, నల్ల కారు ఎండ పడగానే బయటపెట్టేస్తుంది. ఇక పాలిష్, వ్యాక్స్ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ. పాలిష్ అంటే అరగదీయడమే. రంగు మీదుండే క్లియర్‌కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కన్నా పల్చన. నెలనెలా రుద్దితే అదెన్నాళ్లుంటుంది? వ్యాక్స్ దేన్నీ తీయదు, పైన పూతగా నిలుస్తుంది, కొన్ని నెలలకు తనే పోతుంది. కాబట్టి పాలిష్ ఎప్పుడో ఒకసారి, వ్యాక్స్ తరచుగా. బోరు నీళ్లు ఆరితే తెల్లమచ్చలు పడతాయి గనక నీడలో కడిగి, వెంటనే మైక్రోఫైబర్ టవల్‌తో అద్దాలి. (ఓయూ క్యాంపస్ చెట్ల నీడ హాయే గానీ, పిట్టరెట్టను వెంటనే కడక్కపోతే రంగును తినేస్తుంది.) పాలిష్ చేసేటప్పుడు కొత్తవాళ్లు మెషీన్ జోలికి పోకండి, చేత్తోనే, ముందు ఓ మూల చిన్నచోట రుద్ది చూడండి. గోరుకు తగిలేంత లోతు గీత మాత్రం ఏ డబ్బాతోనూ పోదు, దానికి పెయింటర్ దగ్గరికి వెళ్లాల్సిందే.